ఊఁ కొట్టే పెట్టె

మా అక్క భ్రమరాంబ తుని నుంచి ఫోను చేసే వేళా, పిఠాపురంలో మా ఆవిడ సీతారత్నం అమ్మవారి సహస్రనామానికి కూర్చునే వేళా ఒకటే. ఇందులో ఎవరి తప్పూ లేదు. బావగారు స్నానానికి వెళ్ళగానే మా అక్కకి తీరిక చిక్కుతుంది. నేను కుట్టుమిషన్ల రిపేరు కొట్టుకి బయలుదేరగానే మా ఆవిడకి తీరిక చిక్కుతుంది. రెండు తీరికలూ రోజూ ఒకదాన్నొకటి గుద్దుకునేవి, అంతే. మా పెళ్ళయ్యాక ఆవిడ సహస్రనామం ఒక్కసారీ సజావుగా సాగలేదు. సగం నామాలు అమ్మవారికి, సగం చెవి మా అక్కకి.

మా అక్క ఏ సంగతైనా మూలం నుంచి చెబుతుంది. పక్కింటావిడ కాలు బెణికిందని చెప్పాలంటే, ఆ ఇంటి మెట్లు కట్టిన తాపీమేస్త్రి పెళ్ళి దగ్గర మొదలుపెడుతుంది. అవతలివాళ్ళు మధ్యమధ్య ఊఁ కొడుతూ ఉండాలి. ఊఁ వినపడకపోతే ఆగి, "వింటున్నావా?" అంటుంది. జవాబు ఆలస్యమైతే మేస్త్రి పెళ్ళి మళ్ళీ మొదలవుతుంది. అమ్మమ్మ పక్కలో పడుకుని కథలు విన్న పిల్లలం మేము. ఊఁ ఆగితే కథ ఆగిపోతుందని మాకు ఉగ్గుపాలతోనే తెలుసు.

మా ఆవిడ ఊఁ కొట్టడంలో ఏమంత గట్టిది కాదు. ప్రతి పదో మాటకీ అడ్డొస్తుంది. "ఆగండి వదినా, పాలు పొంగుతున్నాయి." "అది కాదు వదినా, వాళ్ళది కాకినాడ కదూ?" "ఉండండుండండి, కూరలమ్మాయి వచ్చింది." మా అక్క విసుక్కునేది. "నీకో మాట చెప్పడం కంటే ఏనుగుకి స్నానం చేయించడం తేలికే!" అనేది. మర్నాడు మళ్ళీ ఫోను చేసేది.

మా అమ్మాయి మృదుల విశాఖపట్నంలో మాటల మీద పరిశోధన చేస్తోంది. మాటలంటే కవిత్వం కాదు, మనిషి గొంతుని కంప్యూటరు ఎలా పోల్చుకుంటుందన్న చదువు. నేను పదో తరగతితో ఆగినవాణ్ణి. మిషను కింద దారం ఎందుకు చిక్కుపడుతోందో చెప్పగలను గానీ అమ్మాయి చదువు నాకు అందదు. అది రాసుకోవడానికని కొన్ని నెలలు ఇంటికి వచ్చి, హాల్లో పాత కుట్టుమిషను బల్ల మీద కంప్యూటరు పెట్టుకుంది. అంతా అక్కడ మొదలైంది.

ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించి గరిటె తిప్పీ తిప్పీ మా ఆవిడకి మెడ పట్టేసింది. అది చూసి మృదుల ఫోను తీసుకుని ఏదో నొక్కింది. వెంటనే మా అక్క గొంతు కంప్యూటరులోంచి ఖంగుమని పలికింది.

"తీగ ఏదే?" అన్నాను.

"తీగ లేదు నాన్నా, బ్లూటూత్. అమ్మ ఫోనేమో ఈ కంప్యూటరుని చెవికి తగిలించుకునే పరికరం అనుకుంటోంది. వచ్చే మాట దీనికిస్తుంది, పోయే మాట దీన్నుంచి తీసుకుంటుంది."

"అంటే తాను కంప్యూటరునని ఇది దానికి చెప్పలేదా?"

"అలా చెప్తే మాట ఇవ్వదు నాన్నా!" అని నవ్వింది.

మొదటి అబద్ధం రెండు యంత్రాల మధ్యే పడిందని నాకు తరవాత తోచింది. అప్పటికి అది ఎవరికీ హాని చెయ్యని అబద్ధం. మా ఆవిడ వంటింట్లోంచే కేకేసి మాట్లాడేది, మెడనొప్పి తగ్గింది. ఆ తరవాత మృదుల కుక్కరు కూతా మిక్సీ రొదా అక్కకి వినపడకుండా కంప్యూటరు మధ్యలోనే ఏరేసేలా చేసింది. "ఏమే, మీ ఇంట్లో వంట మానేశారా?" అని మా అక్క కంగారుపడింది.

ఒక శుక్రవారం మా ఆవిడ పూజలోంచి లేచి వచ్చి, "కుక్కరు కూతలు ఏరేస్తోందిగా, నా బదులు ఊఁ కూడా కొట్టెయ్యమనవే!" అంది, ఒళ్ళు మండి అన్న మాట. మృదుల మాత్రం ఆ మాటకి చేతిలో దోసె చేతిలోనే పెట్టుకుని కూర్చుండిపోయింది. తన చదువుకి ఇన్నాళ్ళూ వెతుకుతున్నది దొరికినట్టుంది.

ముందు వాళ్ళమ్మ ఊఁలు పోగు చెయ్యాలంది. "సహజంగా కొట్టమ్మా."

"ఏమీ చెప్పకుండా ఊఁ కొట్టమంటే ఎలాగే? పిచ్చిదాన్నా?"

అందుకని నన్ను పక్కన కూర్చోబెట్టి ఏదైనా చెప్పమన్నారు. నేను పాదంతో తొక్కే మిషనుకీ మోటారు మిషనుకీ గల తేడాలు చెప్పాను, ఉత్సాహంగానే. తీరా మొదటి పరీక్షలో యంత్రం కొట్టిన ప్రతి ఊఁ వెనకా ఒక ఆవలింత వచ్చింది.

"నాన్న కబుర్లతో నేర్పితే యంత్రానికి నిద్రొస్తోంది," అని మృదుల అదంతా తుడిచేసి, ఈసారి వాళ్ళమ్మ పుట్టింటి వాళ్ళ చేత ఫోన్లు చేయించింది. ఊఁలకి ప్రాణం వచ్చింది.

"ఇది మాటలు అర్థం చేసుకుంటుందా?" అని అడిగాను.

"లేదు. గొంతు రాగం పట్టుకుంటుంది, అంతే. మాట అయిపోయాక కొట్టే ఊఁ పనికిరాదు నాన్నా. మాట ఆగే ముందు మనిషి చిన్న ఊపిరి తీస్తాడు, సరిగ్గా అక్కడ పడాలి. గొంతు కిందకి జారితే అయ్యో, పైకి లేస్తే ఆఁ, నవ్వుతుంటే నిజమే. మరీ ఆగిపోతే 'తరవాత?' అని, 'వింటున్నావా' అనే రాగం వస్తే 'వింటున్నా వదినా.' అంతకుమించి ఒక్క మాట కూడా పెట్టలేదు. అలాగే, సరే లాంటివి అసలే పెట్టలేదు. అమ్మ తరఫున యంత్రం మాటివ్వకూడదు కదా."

బుర్రకథలో పక్కన నిలబడి వంత పాడేవాళ్ళు నాకు గుర్తొచ్చారు. వాళ్ళకి కథ తెలుసు, దీనికి తెలియదు. అదొక్కటే తేడా.

అక్క మీద ప్రయోగించే ముందు మృదుల రెండు ఫోన్లు, రెండు కంప్యూటర్లు పెట్టి యంత్రాన్ని యంత్రంతోనే మాట్లాడించింది.

"ఊఁ," అందొకటి.

"ఊఁ," అంది రెండోది.

"తరవాత?"

"తరవాత?"

"అయ్యో."

"నిజమే."

మేం భోజనాలు చేసి వచ్చేసరికి కూడా ఒకదాన్నొకటి "తరవాత?" అని అడుగుతూనే ఉన్నాయి. మా ఆవిడ తమలపాకు నములుతూ, "ఇద్దరూ వినేవాళ్ళే అయితే ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉంటుందో చూశారా," అంది నావైపు చూసి.

యంత్రం పని మొదలుపెట్టాక మా అక్కకి కాలు నేల మీద నిలవలేదు. అడ్డు రాని మరదలు! తాపీమేస్త్రి పెళ్ళి పూర్తయి, వాళ్ళ పిల్లల చదువుల దాకా వెళ్ళింది. ఫోను పూజగది గూట్లో, కంప్యూటరు మిషను బల్ల మీద, తెర మీద పచ్చ గీతలు ఎగిరెగిరి పడుతుండేవి. మాటలు పైకి వినపడకుండా మృదుల స్పీకరు కట్టేసేది. "అత్తయ్య మాటలు రికార్డు చెయ్యడం లేదు నాన్నా, తప్పు కదా. యంత్రం కొట్టిన ఊఁలు మాత్రం రికార్డు చేస్తున్నా, ఎలా కొట్టిందో చూసుకోవాలి," అంది.

తుని నుంచి ఎవరో వస్తుంటే మా అక్క కొబ్బరి లౌజు పంపింది. "మా మరదలు బంగారం అని ఊరంతా చెప్తోందండి మీ అక్కగారు," అని అందించిపోయారు. మా ఆవిడకి ఆ లౌజు గొంతు దిగలేదు. నాకు దిగింది, చాలా బాగుంది.

సహస్రనామం మాత్రం ఆటంకం లేకుండా సాగిపోతోంది. మొదటిసారి పూర్తిగా చదివిన రోజున మా ఆవిడ హారతి ఇస్తూ ఎందుకో ఆగిపోయింది.

"ఏంటే?"

"ఏం లేదండీ. నేనిన్ని నామాలు చదువుతున్నానా, అమ్మవారు కూడా ఇలాంటి పెట్టె ఒకటి పెట్టుకుని, ఆవిడ పని ఆవిడ చూసుకుంటుంటేనో?"

"ఛ! అదేం మాట? అమ్మవారు ఎప్పుడైనా ఊఁ కొట్టిందా?"

"కొట్టలేదు."

"మరి పెట్టె లేనట్టేగా."

అప్పటికి సమాధానపడింది. నేనే పడలేదు. ఊఁ కొట్టని చోట వింటున్నారని ఎలా నమ్ముతున్నాం? ఊఁ కొట్టే చోట వింటున్నారని ఎందుకు నమ్మాలి? కొట్టుకి వెళ్తూ దారంతా అదే ఆలోచించి, మిషను షాపు దాటి గడియారాల షాపు దాకా వెళ్ళిపోయాను.

దీపావళి నాడు మా అక్క చేసిన ఫోను అన్నిటికంటే పెద్దది. మా ఆవిడ అరిసెల పాకం దగ్గర, నేను దీపపు కుందులు తోమే దగ్గర, మృదుల గుమ్మం దగ్గర ముగ్గులో ఉన్నాం. తెర మీద పచ్చ గీతలు ఎంతసేపటికీ ఆగలేదు. "ఇవాళ ఏదో పెద్ద కథే," అనుకున్నాం.

మర్నాడు, కార్తీక పాడ్యమి పొద్దున్న, గుమ్మం ముందు ఆటో ఆగింది. మా అక్క దిగింది. చంకలో చుట్టిన చాప, చేతిలో సంచీ.

మా ఆవిడ ఎదురెళ్ళి సంచీ అందుకుంటూ, "రండి వదినా, రండి! ఒక్క మాటైనా చెప్పకుండా వచ్చేశారే!" అంది.

మా అక్క కాళ్ళు కడుక్కుంటున్నదల్లా ఆగి తలెత్తి చూసింది. ఆ చూపు మా ఆవిడ మీద, నా మీద, మృదుల మీద తిరిగింది. నోరు మాత్రం తెరవలేదు. లోపలికి వచ్చి కూర్చుంది.

"ప్రయాణం బాగా జరిగిందా అక్కా?" మాట లేదు. "బావగారు కులాసానా?" మాట లేదు. "కాఫీ తాగుతారా వదినా?" మాట లేదు గానీ కాఫీ తెస్తే తాగింది.

మా ఆవిడ సంచీలో బట్టలు సర్దబోయి, నన్ను వంటింట్లోకి లాగింది. కళ్ళనిండా నీళ్ళు. "కంచం తెచ్చుకున్నారండీ! మన ఇంటి కంచంలో కూడా తినరంట! మన మంచం మీద పడుకోకుండా చాప తెచ్చుకున్నారు. తెలిసిపోయిందండీ, పెట్టె సంగతి తెలిసిపోయింది!"

మౌనవ్రతమేమోనని నాకు తట్టకపోలేదు. తట్టింది, నవ్వొచ్చింది, వదిలేశాను. మా అక్క మౌనవ్రతం పట్టడమంటే గోదావరి సెలవు పెట్టడమే.

తునికి ఫోను చేశాను. బావగారు నాలుగు మాటల్లో తేల్చే మనిషి. "వచ్చిందా? మంచిది. సీతకి అన్నీ పూసగుచ్చినట్టు చెప్పానంది. ఆ ప్రకారం కానివ్వండి," అన్నారు. ఏ ప్రకారమని అడగబోతే మా ఆవిడ నా చెయ్యి గిల్లింది. అడిగితే వినలేదని ఒప్పుకున్నట్టేగా! "అక్కడంతా బాగుందా బావగారూ?" అన్నాను. "బ్రహ్మాండంగా ఉంది," అని పెట్టేశారు. ఆయన గొంతులో అంత సంతోషం నేనెప్పుడూ వినలేదు.

దీపావళి నాడు మా అక్క చెప్పిందేమిటో తెలుసుకోవడానికి మాకు మిగిలిన దారి ఒక్కటే, యంత్రం కొట్టిన ఊఁలు. మా అక్క గుడికి వెళ్ళినప్పుడు మృదుల వాటిని వినిపించింది. మా ఆవిడ గొంతు ఒక్కటే, అవతల నిశ్శబ్దం.

"ఊఁ... ఊఁ... ఆఁ?... ఊఁ... అయ్యో... ఊఁ... అయ్యో... నిజమే... వింటున్నా వదినా... ఊఁ... ఆఁ?... తరవాత?... అయ్యో."

"రెండు అయ్యోలు దగ్గర దగ్గరగా పడ్డాయి," అంది మా ఆవిడ. "బావగారితో గొడవపడి వచ్చేశారు. అందుకే ఆయనకి బ్రహ్మాండంగా ఉంది."

"కాదే, చివర 'తరవాత' తరవాత అయ్యో ఉంది. ఒంట్లో ఏదో వచ్చింది. గొంతుకే వచ్చుంటుంది," అన్నాను నేను.

మృదుల బుగ్గన వేలు పెట్టుకుని, "రెండో ఆఁ దగ్గర మన యంత్రం దొరికిపోయి ఉంటుంది," అంది.

ఎవరికి తోచినట్టు వాళ్ళు చేశాం. నేను అక్కని గొంతు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. నోరు తెరవమంటే తెరిచింది. ఆయన దీపం వేసి చూసి, "ఇంత ఆరోగ్యమైన గొంతు ఈ మధ్య చూళ్ళేదండి. బాగా వాడినట్టున్నారు," అన్నాడు. అక్క నావైపు చూసిన చూపుకి దారంతా నేను తల దించుకునే నడిచాను.

మా ఆవిడ కోపం తగ్గించడానికి వంట మొదలుపెట్టింది. గుత్తివంకాయ, పనసపొట్టు ఆవపెట్టిన కూర, పులిహోర, బొబ్బట్లు. మా అక్క ఇవన్నీ కంచం చివరికి జరిపి, అన్నంలో ఇన్ని పాలు పోసుకుని తిని లేచింది, అదీ ఒక్క పూట. "చూశారా, ఉప్పు కూడా ముట్టడం లేదు!" అని మా ఆవిడ మర్నాడు ఇంకో రెండు కూరలు పెంచింది. అక్క ఇంకో రెండు కూరలు జరిపింది. మిగిలినవన్నీ నేనూ మృదులా తిన్నాం. పెళ్ళిళ్ళలో కూడా అంత తినలేదు.

ఇంట్లో నిశ్శబ్దం దెబ్బకి గోడగడియారం చప్పుడు వినపడసాగింది. దానికి చప్పుడుందని అప్పుడే తెలిసింది మాకు. "ఒక్కసారి తిట్టినా బాగుండునండీ," అనేది మా ఆవిడ. "ఇంక ఈ జన్మలో నాతో మాట్లాడరేమో."

నాగుల చవితి నాడు మా ఆవిడ పుట్టలో పాలు పోసి వచ్చి, చలిమిడి పెడుతూ ఇక ఆగలేక మా అక్క ముందు కూర్చుండిపోయింది. నేను వసారాలో ఉన్నాను.

"వదినా, నేను చెప్పేస్తాను. కొడితే కొట్టండి. ఇన్నాళ్ళూ మీకు ఊఁ కొట్టింది నేను కాదు, ఆ కంప్యూటరు. మీరు చెప్పిందేదీ నేను వినలేదు. ఒక్క ముక్క కూడా. మీరు లౌజు పంపారే, అది కూడా దానికే చెందుతుంది."

మా అక్క ముఖం ముందు తెల్లబడింది, తరవాత ఎర్రబడింది. పెదవులు కదిలాయి. రెండు చేతులూ చీర కుచ్చెళ్ళని పట్టుకుని నలిపేశాయి. కళ్ళు మూసుకుంది. చాలాసేపటికి తెరిచింది. తిట్టలేదు, లేచి పోలేదు. మా ఆవిడనే చూస్తూ కూర్చుంది.

అలా చూస్తూ కూర్చున్న మనిషి ముందు మాట ఆపడం ఎవరి తరం? మా ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది. పెళ్ళైన కొత్తల్లో మా అక్క కట్టుకుని తిరిగిచ్చిన నెమలికంఠం రంగు పట్టుచీర, దాని మీద పసుపు మరక. మృదుల పెళ్ళై వెళ్ళిపోతే ఈ ఇంట్లో గడియారం చప్పుడే మిగులుతుందన్న బెంగ. రోజూ మధ్యాహ్నం చాప పక్కన చేరి ఏదో ఒకటి. వసారాలో నేను పేపరు పట్టుకుని ఒకే పేజీ చూస్తూండేవాణ్ణి.

"ఈ మధ్య సూదిలో దారం ఎక్కించలేకపోతున్నా వదినా. రెండు దారాలు కనిపిస్తాయి. ఆయనతో చెప్తే, ఇంకెందుకని నా మిషను ఎవరికైనా ఇచ్చేస్తారేమోనని చెప్పలేదు."

పేపరు పక్కన పెట్టేశాను. ఊళ్ళో అందరి మిషన్లూ బాగుచేసేవాణ్ణి. నా ఇంట్లో మిషను ఎందుకు ఆగిపోయిందో అడగనే లేదు. ఏమే, ఈ మధ్య కుట్టడం లేదే అని కూడా అనలేదు. మర్నాడే కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, "మీకెవరు చెప్పారు?" అంది ఆశ్చర్యంగా. "కళ్ళు చూస్తే తెలీదూ?" అన్నాను. తెలియలేదని ఇద్దరికీ తెలుసు.

అప్పట్నించి నేనూ వెళ్ళి అక్క ముందు కూర్చోవడం మొదలుపెట్టాను. మృదుల కూడా. చదువు ఎక్కడ ఆగిందో, తన గురువుగారి మాట ఎక్కడ నచ్చలేదో చెప్పుకునేది. అక్క ఊఁ అనేది కాదు, తల కూడా ఊపేది కాదు. కానీ మా ముగ్గురికీ ఒక్కసారి కూడా, వింటోందా అన్న అనుమానం రాలేదు.

క్షీరాబ్ది ద్వాదశి వచ్చింది. మా అక్క చీకటితోనే స్నానం చేసి తులసికోట దగ్గర దీపం పెట్టి, ప్రదక్షిణ చేసి వచ్చి కూర్చుంది. మా ఆవిడ కాఫీ తెచ్చి అందించింది. అక్క తాగింది. గ్లాసు కింద పెట్టింది.

"పంచదార ఎక్కువైందే," అంది.

మా ఆవిడ చేతిలో పళ్ళెం కింద పడింది. మృదుల గదిలోంచి పరిగెత్తుకొచ్చింది.

"ఇన్ని రోజులూ ఎక్కువే వేశావు," అంది మా అక్క.

"వదినా! మాట్లాడారా! నా మీద కోపం పోయిందా?"

"కోపమేంటే? మౌనవ్రతం. పాడ్యమి నుంచి ద్వాదశి దాకా కాష్ఠమౌనం. సైగ చెయ్యకూడదు, రాయకూడదు, ఊఁ అని కూడా అనకూడదు. ఒక్క పూట పాలన్నం, నేల మీద పడక, నా కంచం నేనే తెచ్చుకుంటానని, నాతో ఎవరూ మాట్లాడొద్దని, నాకు నోరు ఆగదని, దీపావళి నాడు నీకు చిలక్కి చెప్పినట్టు..." మా అక్క ఆగింది. "అవున్లే. చెప్పింది నీకు కాదుగా, ఆ పెట్టెకి."

నేనే తేరుకుని, "వ్రతానికి మా ఇల్లే దొరికిందా అక్కా? తునిలో పట్టొచ్చుగా," అన్నాను.

"తునిలో పడితే పుణ్యమేముందిరా? అక్కడ నా మాట ఎవరు వింటారు? మీ బావ వినడు, పిల్లలు వినరు. వినేవాళ్ళు లేని చోట నోరు మూసుకోవడం వ్రతమా? నా సీత అడ్డు రాకుండా అంత శ్రద్ధగా వింటోంది, దాని ముందు కూర్చుని మాట్లాడకుండా ఉంటేనే అది కష్టం, కష్టమైతేనే వ్రతం అనుకుని వచ్చాను."

మా ఆవిడ ముఖం చేతుల్లో దాచుకుంది.

"ఏడవకు. చవితి నాడు నువ్వా సంగతి చెప్పినప్పుడు చూడూ... సీతా, నా జన్మలో అన్ని తిట్లు ఒక్కసారి నోటిదాకా రాలేదే! వరసగా వచ్చి నిలబడ్డాయి. ఒక్కొక్కదాన్నీ శివుడి పేరు చెప్పి మింగాను. వ్రతం నిజంగా ఆ రోజే మొదలైంది. అంతకుముందు చేసింది లెక్కలోకి రాదు."

"ఇప్పుడు తిట్టండి వదినా," అంది మా ఆవిడ ఆశగా.

"తిడతాను. ముందు జవాబులు చెప్పనీ. ఒకటి, చీర. ఆ మరక నేను చేసింది కాదు, మా తోడికోడలు చేసింది. అప్పుడే చెప్పబోయాను, నువ్వు మధ్యలో పాలు పొంగుతున్నాయని పోయావు. రెండు, మృదుల పెళ్ళి. అది వెళ్ళాక గడియారం చప్పుడు వినపడకుండా నేను చూసుకుంటాను, ఆ బెంగ వదిలెయ్. మూడు..."

ఒక్కటీ మర్చిపోలేదు. మేం ముగ్గురం చెప్పుకున్నవన్నీ, ఎవరివి వాళ్ళకి, వరస తప్పకుండా జవాబు చెప్పింది. ఆ తరవాత తిట్టింది. తిట్లు మధ్యాహ్నం భోజనాల దాకా సాగాయి. మా ఆవిడ కొత్త కళ్ళజోడు తుడుచుకుంటూ నవ్వు ముఖంతో విన్నది.

సాయంత్రం తులసి దగ్గర కూర్చున్నప్పుడు మెల్లిగా అడిగాను. "మాట్లాడకుండా అందరివీ వినడం ఎలా ఉందక్కా?"

"దేవుడి ఉద్యోగం చేసినట్టుందిరా. వచ్చేవాళ్ళంతా చెప్పుకునేవాళ్ళే. డాక్టరు దగ్గరికి లాక్కుపోయేవాళ్ళు, తినని పిండివంటలన్నీ ముందు పెట్టేవాళ్ళు, ఎందుకు కోపమని కాళ్ళు పట్టుకునేవాళ్ళు. నోరు తెరిచి ఇదీ సంగతని ఒక్క ముక్క చెప్పడానికి లేదు. ఆయన ఎలా ఓర్చుకుంటున్నాడో గానీ, మనవల్ల కాదు."

నన్ను గడియారాల షాపు దాకా నడిపించిన ప్రశ్నకి అది జవాబో కాదో ఇప్పటికీ తేల్చుకోలేదు. కానీ ఆ రోజు నుంచి పూజలో కూర్చుంటే, అవతల ఎవరో చీర కుచ్చెళ్ళు నలుపుకుంటూ ఓర్చుకుంటున్నట్టే ఉంటుంది నాకు. కోరికలు కొన్ని తగ్గించుకున్నాను.

మృదుల యంత్రాన్ని మార్చింది. ఊఁలతోపాటు ఇప్పుడది అప్పుడప్పుడూ "వినలేదు, మళ్ళీ చెప్పండి" అంటుందట. వాళ్ళ గురువుగారు ఒప్పుకోలేదు. "వినకపోవడానికి యంత్రం ఎందుకమ్మా, మనుషులున్నారుగా," అన్నారట. ఇద్దరికీ ఇంకా వాదం నడుస్తోంది.

అక్క తుని వెళ్ళిన మర్నాడు పొద్దున్న ఫోను మోగింది. మా ఆవిడ సహస్రనామం మధ్యలో ఉంది. కుంకుమ వేళ్ళతోనే లేచి, మిషను బల్ల మీది కంప్యూటరు వంక ఒకసారి చూసి, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించి వంటింట్లోకి నడిచింది. పొయ్యి మీద తాలింపు చిటపటలాడుతోంది. అవతల కథ ఏ తాపీమేస్త్రి దగ్గర మొదలైందో గానీ చాలాసేపు సాగింది. అంతలో ఊఁ ఒకటి తప్పిపోయింది.

"సీతా, వింటున్నావా?"

"లేదు వదినా, వినలేదు. ఆవాలు మాడుతుంటే చూసుకుంటున్నా. మళ్ళీ చెప్పండి."

"ఎక్కణ్ణుంచే?"

"మొదటినుంచీ."

ఫోనులోంచి మా అక్క నవ్విన నవ్వు వీధి గుమ్మంలో చెప్పులు వేసుకుంటున్న నాకు కూడా వినపడింది.